కొండ మీద పొద్దుకి 375 గ్రాములు: కెనాన్ 55-250 ఎస్‌టీఎం లెన్స్

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా దేవమాలి కొండ మీద తీసిన పొద్దుగుంకే ఫొటోలు చూడండి. చాలావాటిలో ఆకాశం ఉంటుంది, గడ్డి ఉంటుంది, సూర్యుడు మాత్రం ఆవగింజంత. కంటికి పళ్లెమంత కనిపించినవాడు ఫొటోలో అంతలా ఎందుకు చిక్కిపోయాడంటే, దానికి జవాబు లెన్స్‌లోనే ఉంది. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ ఎంత దగ్గరకు లాగుతుందో మిల్లీమీటర్లలో చెప్పే అంకె) సుమారు 109తో భాగిస్తే సెన్సర్ మీద పడే సూర్యబింబం వెడల్పు వస్తుంది. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్‌ని 18 మి.మీ. దగ్గర పెట్టి తీస్తే బింబం మిల్లీమీటరులో ఆరో వంతు. 24 మెగాపిక్సెల్ ఫొటోలో అది నలభై అయిదు పిక్సెళ్ల చుక్క. అదే 250 దగ్గర తీస్తే 2.3 మిల్లీమీటర్లు, అంటే ఫొటో వెడల్పులో పదో వంతు, ఆరువందల పిక్సెళ్ల పైమాట. అప్పుడు కొండ అంచు మీద కూర్చున్న పొద్దు పొద్దులా కనిపిస్తుంది.

అందుకే బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి కొండలెక్కి ఫొటోలు తీసేవాళ్లు వైడ్ లెన్స్ కొనాలా, జూమ్ కొనాలా అని అడిగితే జూమ్ అనే చెప్తాం. వైడ్ ఫొటోకి జేబులో ఫోన్ ఉంది, ఈ రోజుల్లో అది ఆ పని బాగానే చేస్తుంది. చాలా ఫోన్లు చేయలేనిది ఒకదాని వెనక ఒకటి పొరలు పొరలుగా ఉన్న కొండల్ని దగ్గరకు లాగి, వాటి మీద పెద్ద పొద్దుని నిలబెట్టడం. తూర్పు కనుమల అందమంతా ఆ పొరల్లోనే ఉంది. హిమాలయాల్లాగా ఒక్క శిఖరం గొప్పగా నిలబడే కొండలు కావు ఇవి. వరసలు వరసలుగా, ఒక్కో వరస ఒక్కో ఛాయలో, వెనక్కి పోయేకొద్దీ పల్చబడుతూ ఉంటాయి. పొద్దు ఎదురుగా ఉన్నప్పుడు గాల్లోని తేమ, దుమ్ము వెలిగి ఆ ఛాయల్ని విడదీస్తాయి. 100 నుంచి 250 మధ్య జూమ్‌లో ఆ వరసలు దగ్గరదగ్గరగా చేరి చీర కుచ్చిళ్లలా పేర్చినట్టు వస్తాయి.

ఇక్కడ చెప్పేది కెనాన్ ఈఎఫ్-ఎస్ 55-250 ఎఫ్/4-5.6 ఐఎస్ ఎస్‌టీఎం గురించి. ఐఎస్ అంటే చేతి వణుకుని అణిచే ఏర్పాటు, ఎస్‌టీఎం అంటే చప్పుడు లేని ఫోకస్ మోటారు. 2013లో వచ్చింది. బరువు 375 గ్రాములు, పొడవు 11 సెంటీమీటర్ల పైన కొద్దిగా, ముందు ఫిల్టర్ మర 58 మి.మీ. కెనాన్ 200డి మార్క్ టూ కెమెరా బాడీ 449 గ్రాములు, రెండూ కలిపితే ముప్పావు కిలో దాటి కొంచెం. ఈ అంకె ఎందుకు ముఖ్యమంటే, 70-300 ఐఎస్ టూ యూఎస్‌ఎం ఒక్కటే 710 గ్రాములు, 70-200 ఎఫ్/2.8 మార్క్ త్రీ 1480 గ్రాములు. రోడ్డు పక్కన కారు ఆపి తీసేవాళ్లకు ఆ తేడా పట్టదు. 1501 మీటర్ల మహేంద్రగిరిని మందస వైపు నుంచి కాలినడకన ఎక్కేవాళ్లకు మాత్రం కిలో బరువంటే ఒక లీటరు నీళ్లు. ఆ నీళ్లు మానేసి లెన్స్ మోయడం తప్పు లెక్క. పొద్దుగుంకే ఫొటోకి ఎఫ్/2.8 అక్కర్లేదు కూడా (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగు తీసుకుంటుంది), ఎఫ్/8 దగ్గరే తీస్తాం.

కొనేముందు పేరులో ఎస్‌టీఎం అన్న అక్షరాలు ఉన్నాయో లేదో లెన్స్ మీదే చూడాలి. ఇదే 55-250 పేరుతో పాత ఐఎస్, ఐఎస్ టూ రకాలు చాలా తిరుగుతున్నాయి, సెకండ్ హ్యాండ్‌లో మరీను. వాటిలో ఫోకస్ చేస్తుంటే ముందు గొట్టం తిరుగుతుంది, చప్పుడు ఎక్కువ, అంచుల్లో పదును తక్కువ. ఎస్‌టీఎంలో ముందు భాగం తిరగదు, ఫోకస్ మెత్తగా, నిశ్శబ్దంగా పడుతుంది. ధరలో కొద్ది తేడా కోసం పాతది తీసుకోవద్దు. సెకండ్ హ్యాండ్ అయితే వెనక మూత తీసి టార్చ్ వెలుగు ఏటవాలుగా వేసి లోపల చూడండి. సాలీడు పోగుల్లాంటి తెల్లని గీతలు కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. మౌంట్ ప్లాస్టిక్‌ది, కెమెరాకి బిగించే నాలుకల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో గోటితో తడిమి చూడాలి. ఆ తర్వాత కెమెరాకి పెట్టి, షట్టర్ సగం నొక్కి, 250 దగ్గర బొమ్మ వణుకు ఆగుతుందో లేదో చూస్తే ఐఎస్ పనిచేస్తున్నట్టు తెలుస్తుంది.

ఇది చిన్న సెన్సర్ కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు మాత్రమే: 1500డి, 200డి, 700డి లాంటివి. ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి ఎక్కదు. ఆర్50, ఆర్10 లాంటి మిర్రర్‌లెస్‌లకు అడాప్టర్‌తో బాగా పనిచేస్తుంది. కాకపోతే ఆ కెమెరా ఉన్నవాళ్లకు 270 గ్రాముల ఆర్‌ఎఫ్-ఎస్ 55-210 ఇంకా తేలిక. అది లోపలికి తీసుకునే వెలుతురు తక్కువ, చివరి కొసన ఎఫ్/7.1. పొద్దు ఉన్నంతసేపు అది అడ్డు కాదు, పొద్దు పోయాక చేతిలో పట్టుకుని తీస్తే తేడా తెలుస్తుంది.

ఇక పైకెక్కాక పని. అన్నింటికన్నా ముందు టైము. దేశమంతా గడియారం నడిచే 82.5 డిగ్రీల రేఖ కోరాపుట్ పక్కనుంచే పోతుంది. కాబట్టి ఇక్కడ పొద్దు టైము, గడియారం టైము దాదాపు ఒకటే. డిసెంబర్ మొదటివారంలో సాయంత్రం అయిదుంపావు దాటగానే సూర్యుడు దిగిపోతాడు. పడమటికి, మహారాష్ట్రలోని సిరొంచ, గడ్చిరోలి వైపు పోతే అదే రోజుల్లో పది నిమిషాలు ఎక్కువ దొరుకుతాయి. అయితే ఫోన్‌లో చూపించే అస్తమయం టైము అడ్డం లేని దిగంతానిది. ఎదురుగా కొండ ఉంటే పొద్దు ముందే దాని వెనక పోతుంది. కొండ రెండు డిగ్రీల ఎత్తు లేచి ఉంటే ఎనిమిది నిమిషాల పైన పోయినట్టే. రాయగడ, గుణుపూర్ లోయల్లో కింద నిలబడి తీసేవాళ్లు మోసపోయేది ఇక్కడే, అయిదున్నర అనుకుని వచ్చేసరికి వెలుగు ఆరిపోయి ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. కొండ అంచుకీ పొద్దుకీ మధ్య ఒక పిడికిలి పడితే ఇంకా నలభై నిమిషాలుంది. ఆ నలభై నిమిషాలకు మీరు పైన ఉండాలి, ఊపిరి నిలకడ పడి ఉండాలి, ట్రైపాడ్ కాళ్లు విప్పి ఉండాలి.

పొద్దు నిట్టనిలువుగా దిగదు. మన అక్షాంశంలో కుడివైపుకి వాలుతూ జారుతుంది. ఒక పిడికిలి దిగేలోపు మూడు డిగ్రీల పైన కుడికి పోతుంది. ఇది చిన్నమాటలా కనిపిస్తుంది గాని, 250 దగ్గర ఈ లెన్స్ చూసే మొత్తం వెడల్పే అయిదు డిగ్రీలు. అంటే ఫ్రేమ్‌లో మూడింట రెండు వంతులు జరిగిపోయినట్టు. ఇప్పుడు సూర్యుడు ఎక్కడ ఉన్నాడో అక్కడే నేరుగా కిందకి దిగుతాడనుకుని ఒక చెట్టునో గుడినో గురిపెట్టి కూర్చుంటే చివరికి పొద్దు దానికి ఆరు బింబాల దూరంలో, కుడిపక్కన పోతుంది. ఎటు జరగాలో తెలియక కొందరు తికమక పడతారు. తేలికైన పద్ధతి: పొద్దు చివరికి ఎక్కడ మునుగుతుందో అంచనా కట్టి, ఆ చోటికీ మీకూ మధ్య చెట్టు వచ్చేలా మీరే జరగండి.

చెట్టుకీ మనిషికీ పొద్దుకీ కొలత కుదరాలంటే కూడా 109 లెక్కే. వస్తువు ఎత్తుని 109తో గుణిస్తే ఎంతొస్తుందో అంత దూరంలో ఉన్నప్పుడు అది సూర్యబింబం అంత ఎత్తులో కనిపిస్తుంది. అయిదున్నర అడుగుల మనిషి సుమారు 180 మీటర్ల దూరంలో నిలబడాలి. నలభై అడుగుల జీలుగు చెట్టు అయితే 1300 మీటర్లు. కోరాపుట్ కొండవాలుల్లో జీలుగు చెట్లు ఒంటరిగా నిలబడి ఉంటాయి, ఆకుల గుత్తి పొద్దులో నల్లగా పడితే ఒక్కో ఆకు అంచు చేపతోకలా విడివిడిగా తెలుస్తుంది. ఆ ఫొటోకి ఈ లెన్స్ 250 కొస చాలు. మార్చి, సెప్టెంబర్ నెలల్లో పొద్దు మునిగే చోటు రోజుకి దాదాపు ఒక బింబం మేర జరుగుతుంది, కాబట్టి ఈరోజు తప్పితే రేపు అదే చోట నిలబడితే కుదరదు. డిసెంబర్, జూన్ చివరి పక్షాల్లో వారం రోజులైనా కదలనట్టే ఉంటుంది, పదేపదే ప్రయత్నించడానికి ఆ రోజులు మంచివి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. జూమ్ పెట్టి వ్యూఫైండర్‌లోంచి సూర్యుడి వంక కన్ను పెట్టి చూడకండి. ఎర్రబడి కంటికి హాయిగా అనిపించినా సరే. లైవ్ వ్యూలో వెనక తెర మీద చూడండి. పని అయిపోగానే లెన్స్ మూత పెట్టండి. ట్రైపాడ్ మీద లెన్స్‌ని సూర్యుడి వైపు తిప్పి వదిలేసి టీ తాగడానికి పోతే, మిర్రర్‌లెస్ అయితే నేరుగా సెన్సర్ మీదే భూతద్దం పెట్టినట్టు.

ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లోనే చేయండి. ఐఎస్‌ఓ 100, ఎఫ్/8. పొద్దు కొండకి రెండు వేళ్ల ఎత్తులో ఉన్నప్పుడు సెకనులో 1000వ వంతు నుంచి 2000వ వంతు మధ్య మొదలుపెట్టండి. అంచుని తాకేసరికి, మంచు తెరలోంచి నారింజ పండులా మారితే, సెకనులో 250వ వంతు నుంచి 500వ వంతు మధ్యకు దిగుతుంది. ఆటో మోడ్‌లో ఎందుకు పాడవుతుందంటే, కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం నల్లటి కొండల్ని చూసి వెలుగు పెంచుతుంది, పొద్దు చుట్టూ ఉన్న బంగారు రంగు తెల్లగా కాలిపోతుంది. ఆటోలోనే తీయాలంటే పొద్దుని ఫ్రేమ్‌లోంచి తప్పించి పక్కనున్న ఆకాశం మీద కొలిచి, నక్షత్రం గుర్తున్న బటన్‌తో లాక్ చేసి, మళ్లీ ఫ్రేమ్ కుదుర్చుకోండి. హిస్టోగ్రామ్‌ని (ఫొటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత ఉందో ఎడమ నుంచి కుడికి చూపే పటం) తెల్లదానితో కాకుండా మూడు రంగుల్లో చూడండి. ఈ వెలుగులో ముందు కాలిపోయేది ఎరుపు. తెల్ల హిస్టోగ్రామ్ బాగానే ఉందని చూపిస్తుంటే ఎరుపు అప్పటికే కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది, అలాంటి ఫొటోలో పొద్దు చుట్టూ పసుపు ముద్దలా మచ్చ పడుతుంది.

వైట్ బ్యాలెన్స్ (ఫొటో రంగు ఎంత వెచ్చగా, చల్లగా ఉండాలో చెప్పే సెట్టింగ్) ఆటోలో ఉంచితే కెమెరా ఆ బంగారాన్ని తప్పుగా ఎంచి చల్లబరుస్తుంది. డేలైట్ అంటే కెనాన్‌లో 5200 కెల్విన్, క్లౌడీ 6000, షేడ్ 7000. డేలైట్ దగ్గర ఉంచితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది, క్లౌడీ కాస్త బంగారం కలుపుతుంది. షేడ్ పెడితే మన కొండలు మామిడి తాండ్ర రంగులోకి పోతాయి, మాకు అది నచ్చదు. రా ఫైల్ (కెమెరా మార్చని ముడి ఫైల్) తీస్తే తర్వాత మార్చుకోవచ్చు.

ఫోకస్ ఈ లెన్స్‌లో తెలుసుకుని చేయాల్సిన పని. పొగమంచు పొరల మీద పాయింటు పెడితే పట్టుకోవడానికి గీత దొరక్క ముందుకీ వెనక్కీ వెతుకుతుంది. దగ్గరి కొండ అంచు మీద, ఆకాశానికీ నలుపుకీ మధ్య గీత ఉన్నచోట మధ్య పాయింటు పెట్టండి. పడిన తర్వాత లైవ్ వ్యూలో పదిరెట్లు పెంచి సరిచూసి, లెన్స్ పక్కన మీట ఎంఎఫ్‌కి, అంటే చేతి ఫోకస్‌కి మార్చండి. దీని ఫోకస్ రింగ్ మోటారుతో నడుస్తుంది, నేరుగా అద్దాల్ని తిప్పదు. కెమెరా నిద్రలోకి పోతే రింగ్ ఎంత తిప్పినా ఏమీ జరగదు. దూరం అంకెలు కూడా లెన్స్ మీద లేవు. కాబట్టి ఆటో పవర్ ఆఫ్ వ్యవధి పెంచండి, కెమెరా నిద్ర లేచిన ప్రతిసారీ మళ్లీ ఒకసారి పెంచి చూడండి. ఈ లెన్స్‌తో మాకు నిజంగా ఇబ్బంది అనిపించేది ఇదొక్కటే.

ఎంతోసేపు నడిచి వచ్చాక చేతులు వణుకుతాయి. 250 దగ్గర చేత్తో పట్టుకుని తీయడానికి మామూలు లెక్కలో సెకనులో 400వ వంతు కావాలి, ఐఎస్ ఉంది కాబట్టి మూడున్నర స్టాపుల తక్కువలో కూడా వస్తుందని కెనాన్ చెప్తుంది (ఒక్కో స్టాపుకి షట్టర్ సమయం రెట్టింపు). దిగీదిగని ఊపిరితో ఉన్నప్పుడు దాన్ని నమ్ముకోకండి, 200వ వంతు కిందకి పోవద్దు. కూర్చుని మోకాలి మీద మోచెయ్యి ఆనించి తీయండి, లేదా బండరాయి మీద బ్యాగు పెట్టి దాని మీద లెన్స్ ఆనించండి. ట్రైపాడ్ వాడితే ఐఎస్ మీట ఆపేయండి. దేవమాలి 1672 మీటర్ల ఎత్తున పైన అంతా గడ్డిమైదానం, గాలికి అడ్డం లేదు. ట్రైపాడ్ మధ్య కడ్డీని పైకి లేపకండి. దాని కొక్కేనికి బ్యాగు తగిలించినా గాల్లో ఊగనివ్వకుండా అడుగు నేలకి ఆనేలా తగిలించాలి, ఊగే బ్యాగు ట్రైపాడ్‌ని కూడా ఊపుతుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టండి.

లెన్స్ ముందు యూవీ ఫిల్టర్ ఉంటే పొద్దు ఎదురుగా తీసేముందు విప్పేయండి. ఆ గాజుకీ లెన్స్‌కీ మధ్య వెలుగు తిరిగి, కొండల మీద పొద్దుకి సరిగ్గా ఎదురు మూల ఆకుపచ్చ బింబం ఒకటి పడుతుంది. ఈ లెన్స్ తన మట్టుకు తాను వెలుగుని బాగానే తట్టుకుంటుంది, కాకపోతే ముందు అద్దం మీద వేలిముద్ర, చెమట మరక ఉంటే ఆ ప్రాంతమంతా పాలు పోసినట్టు తెల్లబడుతుంది. చెమట తుడిచిన తువ్వాలుతో అద్దం తుడవకండి, దానికి పట్టిన మట్టి గీతలు పెడుతుంది. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత మైక్రోఫైబర్ గుడ్డ. హుడ్ పెట్టెలో రాదు, విడిగా కొనాలి, ఈటీ-63 అని అడగండి. పైసగం నల్లగా, కిందసగం తేటగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ మీద డబ్బు పెట్టకండి. సముద్రంలా దిగంతం తిన్నటి గీతలా ఉంటే అది పనికొస్తుంది, మన కొండ వరసలకు ఆ నల్ల గీత శిఖరాల మీదుగా పోయి వాటిని సగంలో కోసేస్తుంది. ఎఫ్/22 కూడా వద్దు, పదును పోతుంది, పైగా సెన్సర్ మీది దుమ్మంతా ఆకాశంలో మచ్చలుగా లెక్కపెట్టుకోవచ్చు. పొద్దు కొండ వెనక సగం పోయినప్పుడు కిరణాలు కావాలంటే ఎఫ్/16 దాకా వెళ్లొచ్చు, దీనికి ఏడు రెక్కల అపెర్చర్, పద్నాలుగు కిరణాలు వస్తాయి.

ఏ నెలలో పోవాలన్నది కూడా లెన్స్‌కి సంబంధించిన మాటే. వానలు తగ్గాక అక్టోబర్, నవంబర్‌లో గాలి కడిగినట్టుంటుంది, దూరపు వరస దాకా కనిపిస్తుంది, 250 కొస అప్పుడు బాగా పనికొస్తుంది. మార్చి నుంచి పోడు కాల్పులు మొదలవుతాయి. ఆ పొగలో సూర్యుడు చాలా ఎత్తులోనే ఎర్రబడి రాగి బిళ్లలా కనిపిస్తాడు, కొండలు మాత్రం మూడో వరస తర్వాత మాయమైపోతాయి. అప్పుడు 250లో ఎంత పెంచినా పొగే పెరుగుతుంది. 100 దగ్గర ఆగి, దగ్గరి వరసతో చేసుకోవాలి.

పొద్దు పోగానే సర్దుకోకండి. ఆ తర్వాత ఇరవై రెండు నిమిషాల దాకా పని జరిగే వెలుగు ఉంటుంది. మొదటి అయిదారు నిమిషాలు చప్పగా ఉంటుంది, చాలామంది అప్పుడే దిగడం మొదలుపెడతారు. దాని తర్వాత మబ్బు అడుగుకి గులాబీ పాకుతుంది. 70 దగ్గర కెమెరా నిలువుగా తిప్పి, ఒక్కో ఫొటో మూడో వంతు కలిసేలా ఆరు ఫొటోలు ఎడమ నుంచి కుడికి తీసి తర్వాత కలపండి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ కదలకూడదు, ఒకటి కదిలినా అతుకు తెలుస్తుంది. వెలుగు తగ్గి షట్టర్ సెకనులో నాలుగో వంతు దాకా దిగుతుంది, ట్రైపాడ్ అప్పుడు తప్పనిసరి. దిగే దారి చీకటి, తలకి కట్టుకునే టార్చ్ ఒకటి, విడి బ్యాటరీలు ఉండాలి. చీకటి పడ్డాక పైన ఉండనిస్తారా లేదా అని ఎక్కేముందే కింద అడిగి తెలుసుకోండి.

చలికాలం సెమిలిగూడ వైపు రాత్రి ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. చల్లబడ్డ లెన్స్‌ని నేరుగా వెచ్చటి గదిలోకి తెచ్చి విప్పితే అద్దం మీద, లోపల కూడా తడి పడుతుంది, ఈ లెన్స్‌కి నీటి చుక్కకి అడ్డం పెట్టే రబ్బరు లేదు. పైనే జిప్ కవర్లో పెట్టి మూసి, గదిలోకి వచ్చాక ఒక గంట అలాగే వదిలేసి, తర్వాత తీయండి. బరంపురం, గోపాల్‌పూర్ వైపు వాళ్లకు సముద్రపు తేమ వల్ల ఫంగస్ భయం ఎక్కువ. బిగుతైన డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న హైగ్రోమీటర్ పక్కన పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగితే పెనం మీద సన్నని సెగన వేడిచేసి మళ్లీ వేయొచ్చు.